గోదావరి అవతలి గట్టు: కోటిలింగాల

స్వర్ణోత్సవ సంచిక కోసం మంచిర్యాల చుట్టుపక్కల చూడదగిన చోట్ల గురించి రాయమని సంపాదకవర్గం మిత్రులు అడిగారు. కాగితం మీద పెడితే జాబితా పెద్దదే అయింది. గూడెం గుట్ట మీది సత్యనారాయణస్వామి, చెన్నూరు దగ్గర ఐదు క్రోశాల మేర ఉత్తరానికి తిరిగి పారే గోదావరి, బొక్కలగుట్ట పక్కన గాంధారి ఖిల్లా, జన్నారం వైపు కవ్వాల అడవి. వీటిలో చాలావరకు మీరు చూసినవే. గూడెంలో వ్రతం చేసుకోని ఇల్లు మన బ్యాచ్‌లో ఒక్కటి కూడా ఉండదనుకుంటాను. అందుకే ఆ జాబితా పక్కన పెట్టి ఒకే ఒక్క చిన్న ఊరి గురించి రాస్తున్నాను. ధర్మపురి పోయేటప్పుడు, కరీంనగర్ పోయేటప్పుడు రాయపట్నం వంతెన మీదుగా మనం వందసార్లు ఆ ఊరి దాపు నుంచే పోయాం. బండి మాత్రం అటు తిప్పింది తక్కువ. ఆ ఊరు కోటిలింగాల.

గోదావరి మనకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సరిహద్దు. ఇటు ఆదిలాబాదు, అటు కరీంనగర్. 2016 అక్టోబరు 11 తర్వాత ఇటు మంచిర్యాల, అటు జగిత్యాల, పెద్దపల్లి. పేర్లు మారాయి గాని నది గీసిన గీత మారలేదు. కోటిలింగాల ఆ గీతకు అవతల, వెల్గటూరు మండలంలో, పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే చోట ఉంది. రెండు నీళ్ళు కలిసే మూలన, రెండు వైపులా నీరే కాపలాగా ఉన్న చోట ఊరు కట్టుకున్న వాళ్ళెవరో గాని తెలివైన వాళ్ళు. వాళ్ళకు నది సరిహద్దు కాదు, దారి. ఎగువన మరాఠ్వాడాలో పైఠన్, అంటే ఆనాటి ప్రతిష్ఠానం, ఇదే నది ఒడ్డున ఉంది.

మొదటిసారి పోయిన వాళ్ళు కొంత నిరాశపడతారు. ఆ మాట ముందే చెప్పడం మంచిది. గోల్కొండ లాగా బురుజులుండవు, వేయి స్తంభాల గుడి లాగా శిల్పాలుండవు. నది ఒడ్డున కోటేశ్వరస్వామి గుడి ఉంటుంది. మునులు శివలింగాన్ని ప్రతిష్ఠించాలనుకొని కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ణి పంపారట. ఆయన రావడం ఆలస్యమైతే ముహూర్తం దాటిపోతుందని ఇసుక రేణువులతోనే లింగం చేసి నిలిపారట. ఇసుక రేణువులు కోటి కాబట్టి కోటిలింగాల అని ఊళ్ళో చెప్పుకుంటారు. రామేశ్వరం కథ విన్న వాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. శివరాత్రికి జనం బాగా వస్తారు. గుడి చూసి, నీళ్ళు చూసి, ఫొటో దిగి చాలామంది అక్కడి నుంచే తిరిగిపోతారు. అసలు చూడవలసింది మాత్రం కాళ్ళ కిందే ఉంది.

ఊరు ఉన్నది పాటిగడ్డ మీద. పాటిగడ్డ అంటే మన పల్లెల్లో పెరిగిన వాళ్ళకు చెప్పనక్కర లేదు. ఒకప్పటి ఊరు పాడై, ఇండ్లు కూలి, వాటి మీద మళ్ళీ ఇండ్లు కట్టి, అవీ కూలి, వందల ఏండ్లకు ఎత్తుగా తేలిన దిబ్బ. ఆ మట్టిలో బూడిద, ఎముకలు, చెత్త కుళ్ళిన సారం ఉంటాయి కాబట్టి రైతులు దాన్ని ఎరువుగా బండ్ల కొద్దీ పొలాలకు తోలుకునేవారు. తెలంగాణలో ఎన్ని పాత ఊళ్ళు ఇట్లా బండి బండిగా మడికట్లలో కలిసిపోయాయో లెక్క లేదు. కోటిలింగాల దిబ్బ మీద వాన పడి మట్టి కొట్టుకుపోయినప్పుడల్లా కుండ పెంకులు, పూసలు, పచ్చబట్టిన చిన్న చిన్న రాగి బిళ్ళలు బయటపడేవి. పిల్లలకవి ఆటవస్తువులు.

ఆ బిళ్ళలను ఆటవస్తువులుగా చూడని మనిషి ధర్మపురి వాసి సంగనభట్ల నరహరి శర్మ గారు. ఆయన వాటిని ఓపికగా సేకరించారు. అవి శాసన, నాణేల పండితులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి చేతికి చేరాయి. శాస్త్రి గారు వాటి మీది బ్రాహ్మీ అక్షరాలను చదివారు. ఒక రకం నాణెం మీద తొండం ఎత్తిన ఏనుగు, వెనక వైపు నాలుగు గుండ్రాలను కలిపిన ఉజ్జయిని గుర్తు ఉన్నాయి. ఏనుగు పైన ప్రాకృతంలో ఉన్న మాటలు "రఞో సిరి ఛిముక సాతవాహనస". రాజు శ్రీ ఛిముక శాతవాహనునిది, అని అర్థం.

ఈ ఒక్క వాక్యం ఎందుకంత పెద్ద సంగతో చెప్పాలంటే మన తరగతి గదికి వెనక్కి పోవాలి. సోషల్ పాఠంలో మేం వల్లె వేసింది గుర్తుందా? శాతవాహన వంశ స్థాపకుడు శ్రీముఖుడు, రాజధానులు ప్రతిష్ఠానం, ధాన్యకటకం. ఒకటి మహారాష్ట్రలో, మరొకటి కృష్ణా తీరాన. మన వైపు పేరు ఒక్కటి లేదు. ఆ శ్రీముఖుణ్ణి కూడా అంతకుముందు ఎవరూ నాణెం మీద చూసి ఎరుగరు. ఆయన గురించి ఉన్న ఆధారాలు రెండే. ఒకటి, పురాణాల్లోని రాజుల పట్టికలు. వాటిలో ఆయన పేరు ఒకచోట శిశుకుడు, ఒకచోట సింధుకుడు, ఇంకోచోట శిప్రకుడు. ఎత్తిరాసిన లేఖకులు పేరును ఇష్టం వచ్చినట్టు మార్చారు. రెండోది, పుణె జిల్లా జున్నార్ దగ్గరి నానేఘాట్ కనుమలోని గుహ. రాణి నాగానిక శాసనం ఉన్న ఆ గుహలో రాజకుటుంబం విగ్రహాల వరస ఉండేది. విగ్రహాలు విరిగిపోయాయి, పైన చెక్కిన పేర్లు మిగిలాయి. మొదటి పేరు రాజు సిముక శాతవాహనుడు. శాతవాహనుల తొలి శాసనాలు నానేఘాట్‌లో, నాసిక్‌లో దొరికాయి కాబట్టి వాళ్ళు పడమటి దిక్కున పుట్టి తర్వాత తూర్పుకు వచ్చారని చాలామంది చరిత్రకారులు రాశారు. పురాణాలేమో వాళ్ళను ఆంధ్రులు అంటాయి. ఈ తగవు వంద ఏండ్ల నాటిది. దాని మధ్యలోకి మన గోదావరి గట్టు నుంచి, వంశ స్థాపకుడి పేరుతోనే, వేలెడంత లేని రాగి బిళ్ళ వచ్చి పడింది.

అంతటితో ఆగలేదు. ఛిముకుని కంటే ముందువాళ్ళుగా పండితులు లెక్కగట్టిన మరికొందరు రాజుల నాణేలు కూడా ఆ దిబ్బలోనే దొరికాయి. గోబదుడు, నరనుడు, కంవాయుడు, సమగోపుడు. పురాణాల్లో ఈ పేర్లు లేవు. ఏ శాసనం వీళ్ళ గురించి చెప్పదు. నాణేలు దొరికి ఉండకపోతే వీళ్ళు పుట్టారని, పాలించారని, తమ పేరుతో నాణెం కొట్టించుకునే స్తోమత ఉండేదని లోకానికి తెలిసేదే కాదు. నాకు ఛిముకుని నాణెం కంటే వీళ్ళవే ఎక్కువ ఆశ్చర్యం. పెద్ద సామ్రాజ్యం వచ్చి పేరు పెట్టక ముందే ఈ గట్టున ఊరుండేది, ఊరికి రాజుండేవాడు, రాజుకు నాణెం ఉండేది, ఆ నాణెంతో కొనుక్కోవడానికి అంగడి ఉండేది. రాజు పేరు లేని, వట్టి గుర్తులే గుద్దిన ఇంకా పాత నాణేలు కూడా ఇక్కడ దొరికాయి.

మరి శాతవాహనుల పుట్టినిల్లు కోటిలింగాలేనా? మన వైపు సభల్లో ఈ మాట గట్టిగా వినిపిస్తుంది. నేను కొంచెం నెమ్మదిగా అంటాను. నాణెం నడుస్తుంది. ఒకచోట కొట్టిన బిళ్ళ వర్తకుని మొలలో దూరదేశానికి పోతుంది. రోమన్ చక్రవర్తుల నాణేలు దక్కనులో దొరికినంత మాత్రాన రోము ఇక్కడుండేదని అనం కదా. ఛిముకుని కాలం మీద కూడా ఏకాభిప్రాయం లేదు. కొందరు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం అంటారు, కొందరు ఒకటో శతాబ్దం దాకా కిందికి దించుతారు. అయితే రెండో వైపు కూడా చూడాలి. గోబదుడు, సమగోపుడు, ఛిముకుడు, శాతకర్ణి, వీళ్ళందరి నాణేలు ఒకే దిబ్బలో వరసగా దొరికే చోటు మరొకటి చూపడం కష్టం. సమగోపుని చేతిలోంచి ఛిముకుని చేతిలోకి అధికారం మారిన సంగతి ఈ గడ్డ మీద జరిగిందని పరబ్రహ్మశాస్త్రి గారు భావించడానికి కారణం అదే. కోటిలింగాల శాతవాహనుల తొలి స్థావరాల్లో ఒకటి అనడానికి నాకు సంకోచం లేదు. రాజధాని అని బోర్డు రాయడానికి మాత్రం నా చేయి ఆగుతుంది. కరీంనగర్‌లో విశ్వవిద్యాలయం పెట్టి 2008లో దానికి శాతవాహన పేరు ఇచ్చారంటే, ఆ పేరుకు బలం ఈ దిబ్బ నుంచే వచ్చింది.

నాణేలు వెలుగు చూశాక రాష్ట్ర పురావస్తు శాఖ 1979లో తవ్వకాలు మొదలుపెట్టింది. వి.వి. కృష్ణశాస్త్రి గారు అప్పుడు శాఖ సంచాలకులు. 1980ల మొదట్లో కూడా పని సాగింది. తేదీలు చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం దిగులూ వేస్తుంది. మన బడి పెట్టిన కొత్త రోజులవి. మేం ఏడు, ఎనిమిది తరగతుల్లో కూర్చొని శ్రీముఖుని పేరు బట్టీ పడుతున్నప్పుడే, బస్సెక్కితే పూటలో పోయి రాగల దూరంలో ఆయన ఊరిని పారలతో, కుంచెలతో తవ్వి తీస్తున్నారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు. ఊరి చుట్టూ మట్టితో పోసిన కోట గోడ బయటపడింది. పెద్ద సైజు ఇటుకలతో కట్టిన ఇండ్ల పునాదులు, కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దించి చేసిన బావులు, ఇనుప పనిముట్లు, పూసలు దొరికాయి. సిమెంటు ఒరల బావి మన ఊళ్ళలో మొన్నమొన్నటి వస్తువు. మట్టి ఒరల బావి మాత్రం రెండు వేల ఏండ్ల నాటిది. ఊరి మీదే ఊరుంది కాబట్టి జనం కాపురాలున్న చోట తవ్వడం కుదరలేదు. తవ్వింది కొంతే. మిగిలినది ఇంకా కిందే ఉంది.

ఇది ఒంటరి ఊరు కాదు. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో ఇటుక ప్రహరీలు, ఇటుక బావులు, వేల కొద్దీ శాతవాహన నాణేలు దొరికాయి. ధూళికట్టలో మట్టి కోటతో పాటు బౌద్ధ స్తూపం ఉంది. దాని సున్నపురాతి పలకల్లో పడగ విప్పిన ముచలింద నాగుని పలక ప్రసిద్ధం. ఒకటో శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ, మెగస్తనీసు మాటల ఆధారంగా రాసినట్టు పండితులు భావించే చోట, ఆంధ్రులకు గోడలున్న పట్టణాలు 30 ఉన్నాయని, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని అంటాడు. ఆ ముప్పైలో కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు ఉండి ఉంటాయని మన చరిత్రకారుల ఊహ. నిరూపించలేం గాని కాదనడానికీ కారణం లేదు.

ఇంకా వెనక్కి పోతే బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి కథ ఉంది. కోసల దేశం నుంచి వచ్చి అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న ముసలి బ్రాహ్మణుడు. బుద్ధుడు పుట్టాడని విని తాను పోలేక పదహారు మంది శిష్యులను పంపుతాడు. వాళ్ళు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశల మీదుగా నడిచి నడిచి మగధ చేరతారు. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా ఖానాపూర్ మండలం బాదనకుర్తి లంకలో ఉండేదని కొందరంటారు. పదహారు మహాజనపదాల్లో దక్షిణాన ఉన్నది అస్సకం ఒక్కటే. దాని రాజధాని మన బోధన్ అని చాలామంది అంగీకరిస్తారు. అంటే బోధన్ నుంచి కోటిలింగాల దాకా ఈ గోదావరి గట్టంతా ఒకే పాత దారి.

సోషల్ టీచరుగా ఉన్నన్నాళ్ళు పిల్లలు నన్ను అడిగిన ప్రశ్నల్లో ఎక్కువసార్లు వచ్చింది ఇది: "సార్, వాళ్ళు తెలుగు మాట్లాడిండ్రా?" నాణేల మీద భాష ప్రాకృతం. అంగట్లో ఏం మాట్లాడేవారో రాగి బిళ్ళ చెప్పదు. కాని తర్వాతి శాతవాహన రాజుల వెండి నాణేలు కొన్నింటి మీద ఒక వైపు ప్రాకృతం, మరో వైపు ద్రావిడ భాష ఉంది. హాలుని పేరున ఉన్న గాథాసప్తశతిలో అత్త, పొట్ట, పిల్ల లాంటి మాటలను మనవాళ్ళు గుర్తుపట్టారు. అందులో గోదావరి కూడా కనిపిస్తుంది, గోలా అనే పేరుతో. ఇంతవరకు చెప్పి, మిగతాది మీరు పెద్దయ్యాక తేల్చండి అనేవాణ్ణి.

ఇప్పుడు నీళ్ళ సంగతి. 2004 జూలైలో శంకుస్థాపన జరిగిన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 148 మీటర్లు, నిల్వ సామర్థ్యం 20.175 టీఎంసీలు. దాని వెనుక జలాలు పెద్దవాగు నోట్లోకి, కోటిలింగాల గట్టు దాకా వచ్చాయి. వాగు వాగులా లేదు, చెరువులా నిలిచింది. అందులో పడవలు తిరుగుతున్నాయి, సెలవు రోజుల్లో జనం వస్తున్నారు, ఊరివాళ్ళకు నాలుగు పైసలు వస్తున్నాయి. అది సంతోషమే. కాని నీటిమట్టం పెరిగి, తగ్గి, మళ్ళీ పెరిగినప్పుడల్లా గట్టు మట్టి కోసుకుపోతుంది. ఆ మట్టి మామూలు మట్టి కాదు. ఒక్కో పొరా ఒక్కో తరం. పొర జారి నీళ్ళలో కలిస్తే పెంకు దొరకవచ్చు, నాణెం దొరకవచ్చు, కాని ఏది ముందు ఏది వెనక అన్న వరస ఇక దొరకదు. గోబదుడు ముందా, ఛిముకుడు ముందా అని చెప్పగలిగింది ఆ వరసే.

నాగార్జునసాగర్ కట్టినప్పుడు 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి, అనుపుకు తరలించి నిలబెట్టారు. శ్రీశైలం నీళ్ళు వచ్చినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి చేర్చారు. రాతి కట్టడాన్ని అట్లా మోసుకుపోవచ్చు. మట్టి దిబ్బను మోసుకుపోలేం. దాన్ని ఉన్నచోటే చదవాలి, లేదా ఉన్నచోటే కాపాడాలి. నీటి వైపు రాతి కట్టుడు, తవ్వకం జరగని ఖాళీ జాగాల్లో మరికొంత తవ్వకం, ఊళ్ళోనే చిన్న ప్రదర్శనశాల, ఈ మూడూ అసాధ్యమైన కోరికలని నేననుకోను.

నీళ్ళ గురించి రాస్తూ ఇవతలి గట్టును మరచిపోతే అన్యాయం. అదే నీటి కింద మన వైపు కర్ణమామిడి, పడ్తనపల్లి, రాపల్లి ఉన్నాయి. అవతల చెగ్యాం ఉంది. మన బడికి సైకిళ్ళ మీద, ఎర్ర బస్సుల మీద అక్కడి నుంచి వచ్చి చదువుకున్న వాళ్ళు ఈ సంచిక చదువుతారు. మీ పాత ఇంటి గచ్చు, వేపచెట్టు గద్దె, పోచమ్మ గుడి, బొడ్రాయి ఇప్పుడు నీటి అడుగున ఉన్నాయి. కోటిలింగాలకు నరహరి శర్మ గారు దొరికారు, పరబ్రహ్మశాస్త్రి గారు దొరికారు. మన ఊళ్ళకు ఎవరూ దొరకలేదు. కనుక ఒక విన్నపం. ముంపు ఊళ్ళ మిత్రులెవరైనా ఊరి పటం చేత్తో గీసి, వీధుల పేర్లు, బావుల పేర్లు, పొలాల పేర్లు, ఎవరి ఇల్లు ఎక్కడుండేదో రాసి పంపితే సంఘం గ్రంథాలయంలో బైండు చేయించి పెడదామని కార్యవర్గంతో మాట్లాడాను. సరేనన్నారు. అక్షరాలు బాగుండకపోయినా ఫరవాలేదు. అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి రాయండి. పొలాల పేర్లు వాళ్ళకు తెలిసినంత పట్వారీ కాగితాలకు కూడా తెలియవు.

కోటిలింగాల పోదలచిన వాళ్ళకు దారి: మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట, రాయపట్నం వంతెన దాటి వెల్గటూరు వైపు, అక్కడి నుంచి ఊరికి. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి ధర్మపురిలో నరసింహస్వామి దర్శనం కూడా అవుతుంది. ఎండాకాలం కన్నా వానలు వెనకబట్టిన తర్వాత, కార్తీకానికి ముందు పోవడం మేలు. గుడి చూశాక ఊళ్ళోకి నడవండి. ఇండ్ల మధ్య కోసుకుపోయిన గట్టు కనిపిస్తే కాసేపు నిలబడి చూడండి. ఎర్రటి, నల్లటి పెంకులు మట్టిలో అడ్డంగా వరసలు వరసలుగా కనిపిస్తాయి. పిల్లలుంటే వాళ్ళను లెక్కపెట్టమనండి. దేన్నీ పీకి జేబులో వేసుకోవద్దు. నాణేలు చూడాలంటే హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ధర్మపురిలో జనం కిటకిటలాడే ఆ పన్నెండు రోజులు తప్పించి ముందే ఒకసారి పోయి రండి. జనం తక్కువున్నప్పుడైతే ఊరి పెద్దలు తీరికగా అరుగు మీద కూర్చొని, చిన్నప్పుడు వానలో తమకు దొరికిన బిళ్ళల కథలు చెబుతారు.